పరాయి దేశంలో మీరు నడిపే కారు ఎవరినైనా గుద్దితే: లైసెన్స్ దగ్గర నుంచి కోర్టు దాకా

విదేశంలో అద్దె కారు తీసుకునేవాళ్లలో చాలామందికి ఒక ధీమా ఉంటుంది. "ఇన్సూరెన్స్ ఉంది కదా, ఏమన్నా అయితే వాళ్లే చూసుకుంటారు" అనుకుంటారు. బంపర్‌కి సొట్ట పడినంత వరకు ఆ మాట దాదాపు నిజమే. మనిషికి దెబ్బ తగిలిందంటే మాత్రం లెక్క మారిపోతుంది. ఇన్సూరెన్స్ డబ్బు కడుతుంది, అంతే. జైలు శిక్ష పడితే అది మీరే అనుభవించాలి. కేసు తేలేదాకా ఆ దేశంలో ఉండాల్సి వస్తే మీరే ఉండాలి.

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకుందాం. ఒక్క ప్రమాదం నుంచి మూడు వేర్వేరు వ్యవహారాలు పుడతాయి. మొదటిది క్రిమినల్ కేసు, దాన్ని నడిపేది ప్రభుత్వం. రెండోది నష్టపరిహారం, అడిగేది బాధితుడు లేదా అతని కుటుంబం. మూడోది అద్దె కంపెనీతో, ఇన్సూరెన్స్ కంపెనీతో మీరు సంతకం పెట్టిన ఒప్పందం. ఒకటి తేలితే మిగతావి తేలినట్టు కాదు. కుటుంబం క్షమించినా ప్రాసిక్యూటర్ కేసు కొనసాగించవచ్చు. క్రిమినల్ కోర్టు నిర్దోషి అని వదిలేసినా సివిల్ కోర్టు పరిహారం కట్టమనవచ్చు. రెండూ ముగిశాక కూడా, మీరు తాగి నడిపారని తేలితే ఇన్సూరెన్స్ కంపెనీ బాధితుడికి ఇచ్చిన సొమ్మును మీ దగ్గర తిరిగి వసూలు చేసుకోవచ్చు. కింద చెప్పే ప్రతి అడుగులోనూ ఈ మూడింటిలో దేని గురించి మాట్లాడుతున్నామో గుర్తుపెట్టుకోండి.

మొదటి అడుగు: మీ లైసెన్స్ అక్కడ చెల్లుతుందో లేదో తేల్చుకోండి

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్, అంటే ఐడీపీ, చాలా దేశాల్లో తప్పనిసరి. అది మీ లైసెన్స్‌కు అనువాదం లాంటిదే తప్ప, దానంతట అది లైసెన్స్ కాదు. అసలు లైసెన్స్ పక్కన లేకపోతే దానికి విలువ లేదు.

చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే ఐడీపీలన్నీ ఒకటి కావు. 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చేది ఒక రకం, 1968 వియన్నా ఒప్పందం ప్రకారం ఇచ్చేది ఇంకో రకం. మొదటిది ఏడాది చెల్లుతుంది, రెండోది గరిష్ఠంగా మూడేళ్లు. జపాన్ 1949 రకాన్ని మాత్రమే ఒప్పుకుంటుంది. వియత్నాంలో 1968 రకం కావాలి. చైనా ప్రధాన భూభాగంలో రెండూ చెల్లవు, అక్కడి అధికారులు ఇచ్చే అనుమతి ఉంటేనే నడపాలి. మీ పర్మిట్ అట్ట మీద ఏ సంవత్సరపు ఒప్పందం పేరు ఉందో చూసి, వెళ్లబోయే దేశం దాన్ని అంగీకరిస్తుందో లేదో ఆ దేశపు రవాణా శాఖ సమాచారంలో సరిచూసుకోండి. ఇంటర్నెట్‌లో డబ్బు తీసుకుని "అంతర్జాతీయ లైసెన్స్" పేరుతో కార్డులు పంపేవాళ్లు ఉన్నారు. వాటికి చట్టంలో ఏ విలువా లేదు. ఐడీపీని మీకు లైసెన్స్ ఇచ్చిన దేశపు ప్రభుత్వం గానీ, అది అధికారం ఇచ్చిన సంస్థ గానీ ఇవ్వాలి.

స్కూటర్ అద్దెకు తీసుకునేవాళ్లు ఇక్కడ ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. పర్మిట్‌లో మోటార్ సైకిల్ వర్గం దగ్గర ముద్ర లేకపోతే, కారు లైసెన్స్‌తో స్కూటర్ నడపడం లైసెన్స్ లేకుండా నడపడం కిందికే వస్తుంది. థాయ్‌లాండ్ లాంటి చోట్ల దుకాణంవాడు ఏమీ అడగకుండా తాళం ఇచ్చేస్తాడు. ఇచ్చాడు కదా అని అది చట్టబద్ధమైపోదు. గుద్దితే కేసు మీ మీదే పడుతుంది, ట్రావెల్ ఇన్సూరెన్స్ కూడా చేతులెత్తేస్తుంది. పాస్‌పోర్ట్ తాకట్టు పెట్టమని అడిగే దుకాణంలో బండి తీసుకోవద్దు. ప్రమాదం జరిగిన రోజు మీ పాస్‌పోర్ట్ అవతలివాడి సొరుగులో ఉంటే, అతను అడిగిన మొత్తానికి తల ఊపాల్సి వస్తుంది.

లైసెన్స్ చెల్లకపోతే మూడు వ్యవహారాల్లోనూ దెబ్బ తగులుతుంది. క్రిమినల్ కేసులో అదే ఒక విడి నేరం. సివిల్ కేసులో మీ నిర్లక్ష్యానికి అదొక రుజువు. ఇన్సూరెన్స్‌లో క్లెయిమ్ తిరస్కరించడానికి సిద్ధంగా దొరికే కారణం.

రెండో అడుగు: ఇన్సూరెన్స్‌లో థర్డ్ పార్టీ మొత్తం ఎంతో అడగండి

కౌంటర్ దగ్గర "ఫుల్ కవర్" అన్న మాట తరచూ వినిపిస్తుంది. చాలాసార్లు దాని అర్థం అద్దె కారుకు జరిగే నష్టానికి కవర్ అనే. కొలిజన్ డ్యామేజ్ వేవర్, అంటే కారు దెబ్బతింటే ఆ ఖర్చు మీ మీద పడకుండా చేసే షరతు, కాపాడేది ఆ కారునే. మీరు గుద్దిన మనిషి ఆసుపత్రి ఖర్చు, అతను పోగొట్టుకున్న సంపాదన, అతని కుటుంబానికి ఇవ్వాల్సిన పరిహారం థర్డ్ పార్టీ లయబిలిటీ కిందికి వస్తాయి. క్రెడిట్ కార్డుతో వచ్చే ఉచిత కవర్ కూడా సాధారణంగా అద్దె కారు నష్టానికే పరిమితం.

ఈ మొత్తాల్లో దేశానికీ దేశానికీ ఉన్న తేడా చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. బ్రిటన్‌లో తప్పనిసరి ఇన్సూరెన్స్ మనుషుల గాయాలకు పరిమితి లేకుండా వర్తిస్తుంది. అమెరికాలో ఒక్కో రాష్ట్రానికి ఒక్కో కనీస మొత్తం ఉంటుంది. కాలిఫోర్నియాలో చాలా ఏళ్లు ఒక మనిషి గాయాలకు కనీస కవర్ 15,000 డాలర్లే ఉండేది, 2025 జనవరి 1 నుంచి 30,000 చేశారు. అమెరికా ఆసుపత్రి బిల్లుల ముందు ఈ మొత్తం ఏ మూలకూ చాలదు, మిగిలినదానికి బాధితుడు మీ మీద దావా వేయవచ్చు. అందుకే అమెరికాలో సప్లిమెంటల్ లయబిలిటీ ఇన్సూరెన్స్, అంటే కనీస మొత్తానికి పైన అదనపు థర్డ్ పార్టీ కవర్, తీసుకోవడం దండగ ఖర్చు కాదని నేను గట్టిగా నమ్ముతాను. కారు అద్దాలకు, టైర్లకు కవర్ తీసుకుని దీన్ని వదిలేసేవాళ్లను చూస్తే బాధగా ఉంటుంది. మెక్సికోలో అయితే అమెరికా, కెనడా పాలసీల లయబిలిటీ కవర్‌ను గుర్తించరు, అక్కడ చెల్లే పాలసీ విడిగా ఉండాలి.

ఒప్పందంలో ఇంకో మూడు చోట్ల కన్ను వేయండి. నడపడానికి అనుమతి ఉన్నవాళ్ల పేర్లు, కారును తీసుకెళ్లకూడని రోడ్లు, సరిహద్దు దాటవచ్చా లేదా అన్నది. ఒప్పందంలో పేరు లేని స్నేహితుడు ఒక్క గంట నడిపి ప్రమాదం చేస్తే కవర్ మొత్తం పోవచ్చు. అప్పుడు కొందరు "నేనే నడిపాను" అని ఒకరి బదులు ఇంకొకరు చెప్పడానికి సిద్ధపడతారు. ఎట్టి పరిస్థితుల్లోనూ ఆ పని చేయవద్దు. సీసీ కెమెరాల్లో, ఫోన్ రికార్డుల్లో, సీటు బెల్టు వల్ల ఒంటి మీద పడిన గుర్తుల్లో నిజం బయటపడుతుంది. నిర్లక్ష్యం కేసుగా ముగియాల్సినది న్యాయ ప్రక్రియను తప్పుదోవ పట్టించిన కేసుగా మారి ఇద్దరూ ఇరుక్కుంటారు.

మూడో అడుగు: ఆ దేశం దేన్ని ఎంత పెద్ద నేరంగా చూస్తుందో తెలుసుకోండి

మద్యంతో మొదలుపెడదాం. రక్తంలో ఆల్కహాల్ పరిమితి ఇంగ్లాండ్, వేల్స్‌లో 0.08 శాతం. అక్కడి నుంచి సరిహద్దు దాటి స్కాట్లాండ్‌లోకి వెళ్తే 0.05. అమెరికాలో దాదాపు అన్నిచోట్లా 0.08 ఉంటే యూటా రాష్ట్రంలో 0.05. నార్వే, స్వీడన్‌లలో 0.02, జపాన్‌లో 0.03. చెక్ రిపబ్లిక్, హంగరీ, యూఏఈ అసలు ఒక్క చుక్కా ఒప్పుకోవు. జర్మనీలో మామూలు పరిమితి 0.05 అయినా, 0.03 దాటి తప్పుగా నడిపి ప్రమాదం చేస్తే అది క్రిమినల్ కేసే. జపాన్‌లో డ్రైవర్‌తో ఆగరు. తాగాడని తెలిసీ బండి ఇచ్చినవాళ్లకూ, మద్యం పోసినవాళ్లకూ, ఆ బండిలో ఎక్కి కూర్చున్నవాళ్లకూ శిక్ష ఉంటుంది. ఇన్ని అంకెలు ఎందుకు గుర్తుపెట్టుకోవడం? స్టీరింగ్ పట్టుకునే రోజు ముట్టకపోతే సరిపోతుంది. రాత్రి బాగా తాగితే పొద్దున కూడా పరిమితికి పైనే ఉండవచ్చన్నది మరిచిపోవద్దు.

ఇక ప్రాణం పోతే పడే శిక్షలు. ఇంగ్లాండ్, వేల్స్, స్కాట్లాండ్‌లలో ప్రమాదకరంగా నడిపి ఎవరి మృతికైనా కారణమైతే గరిష్ఠ శిక్ష 2022 జూన్ 28 నుంచి జీవిత ఖైదు, అంతకుముందు 14 ఏళ్లు. అజాగ్రత్తతో జరిగితే ఐదేళ్ల దాకా. ఇటలీ 2016లో రోడ్డు మీద జరిగే నరహత్యకు విడిగా చట్టం చేసింది. మామూలుగా రెండు నుంచి ఏడేళ్లు, బాగా తాగి గానీ మాదకద్రవ్యాల మత్తులో గానీ ఉంటే ఎనిమిది నుంచి 12 ఏళ్లు, ఒకరికంటే ఎక్కువమంది చనిపోతే 18 ఏళ్ల దాకా వెళ్లవచ్చు. జపాన్‌లో నిర్లక్ష్యంగా నడిపి మృతికి కారణమైతే ఏడేళ్ల దాకా, ప్రమాదకర డ్రైవింగ్ అని తేలితే 20 ఏళ్ల దాకా. థాయ్‌లాండ్ శిక్షాస్మృతి 291వ సెక్షన్ కింద నిర్లక్ష్యం వల్ల మరణానికి పదేళ్ల దాకా.

ఈ శిక్షలన్నింటిలో ఉమ్మడిగా కనిపించేది ఒకటి ఉంది. నిర్లక్ష్యం ఒక మెట్టు, ప్రమాదకరమని తెలిసీ నడపడం ఇంకో మెట్టు. రెండింటి మధ్య శిక్ష బాగా పెరుగుతుంది. ఫోన్ చూడటం, ఎర్ర లైటు దాటడం, మితిమీరిన వేగం, మద్యం, ఇవన్నీ మిమ్మల్ని పై మెట్టుకు నెట్టేవే. టూరిస్టుల విషయంలో ఇంకోటి కలుస్తుంది, నిద్రలేమి. రాత్రంతా విమానంలో కూర్చుని, దిగీ దిగగానే కారు తీసుకుని నాలుగు గంటలు నడపాలని ప్లాన్ వేసుకుంటారు. తగినంత విశ్రాంతి లేదని తెలిసి కూడా నడపడాన్ని బ్రిటన్ కోర్టులు శిక్ష పెంచే అంశంగా చూస్తాయి. మొదటి రాత్రి విమానాశ్రయం దగ్గరే పడుకుని పొద్దున బయలుదేరడం కంటే చవకైన జాగ్రత్త లేదు.

రోడ్డుకు ఏ పక్కన నడపాలన్నది కూడా ఇక్కడే చెప్పాలి. అలవాటు లేని పక్క నడిపేవాళ్లు రద్దీ రోడ్డులో పెద్దగా తప్పు చేయరు, ముందు వెళ్లే బండే దారి చూపిస్తుంది. పెట్రోల్ బంకు నుంచి బయటికి వచ్చినప్పుడు, ఫొటో కోసం ఆగి మళ్లీ బయలుదేరినప్పుడు, ఎదురుగా ఒక్క బండీ లేని పల్లె రోడ్డు మీద పాత అలవాటు చేతుల్లోకి వచ్చేస్తుంది. ఆస్ట్రేలియాలో గ్రేట్ ఓషన్ రోడ్డు మీద ఎడమవైపు నడపమని బోర్డులు, బాణాలు పెట్టింది ఇందుకే. పొరపాటున పక్క మారానన్నది కోర్టులో మీ నేరాన్ని తుడిచిపెట్టదు. మహా అయితే అది ప్రమాదకరమా, అజాగ్రత్తా అన్న వాదనలో ఒక భాగం అవుతుంది.

నాలుగో అడుగు: ప్రమాదం జరిగిన మొదటి నిమిషాలు

ఆగండి. హజార్డ్ లైట్లు వేయండి. వెనక వచ్చే బండ్లకు కనిపించేలా హెచ్చరిక త్రికోణం పెట్టండి, రిఫ్లెక్టర్ జాకెట్ ఉంటే వేసుకోండి. గాయపడినవాళ్ల దగ్గరికి వెళ్లండి. అంబులెన్స్‌కు ఫోన్ చేయండి: యూరోపియన్ యూనియన్ అంతటా 112, అమెరికాలో 911, ఆస్ట్రేలియాలో 000, న్యూజిలాండ్‌లో 111. జపాన్‌లో అంబులెన్స్‌కు 119, పోలీసులకు 110. గాయపడిన మనిషిని, నిప్పు అంటుకునే ప్రమాదం ఉంటే తప్ప, కదిలించవద్దు. దగ్గరే కూర్చోండి, మాట్లాడుతూ ఉండండి.

ఇది మానవత్వం మాత్రమే కాదు, చాలా దేశాల్లో చట్టం కూడా. సాయం చేయగలిగి కూడా చేయకపోవడం జర్మనీలో ఏడాది దాకా, ఫ్రాన్స్‌లో ఐదేళ్ల దాకా జైలు పడే నేరం.

భయంతో అక్కడి నుంచి వెళ్లిపోవడం అన్నిటికన్నా పెద్ద తప్పు. జనం గుమిగూడి కొడతారేమోనని భయపడేవాళ్లు ఉంటారు. నిజంగా ప్రాణభయం ఉంటే పోలీసులకు ఫోన్ చేస్తూనే కాస్త దూరం జరిగి, ఎక్కడ ఉన్నారో వాళ్లకు చెప్పి, నేరుగా పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి. అలా ఫోన్ చేసిన రికార్డే మీరు పారిపోలేదనడానికి సాక్ష్యం. చెప్పకుండా వెళ్లిపోతే అది హిట్ అండ్ రన్. ఇటలీలో పారిపోయినవాళ్లకు శిక్ష మూడో వంతు నుంచి మూడింట రెండు వంతుల దాకా పెరుగుతుంది, ప్రాణం పోయిన కేసులో ఐదేళ్లకు తగ్గదు. జర్మనీ చట్టం ఇంకా కఠినం. పార్కింగ్‌లో ఆగి ఉన్న కారుకు గీత పడినా యజమాని కోసం తగినంత సేపు అక్కడే ఉండాలి, రాకపోతే ఆలస్యం చేయకుండా పోలీసులకు చెప్పాలి. వైపర్ కింద ఫోన్ నంబర్ రాసిన కాగితం పెట్టి వెళ్తే సరిపోదు. ఈ నేరానికి మూడేళ్ల దాకా శిక్ష ఉంది.

చిన్న ప్రమాదమైనా పోలీస్ రిపోర్ట్ తీసుకోండి. యూఏఈలో ఆ కాగితం లేకుండా ఏ గ్యారేజీ బండిని బాగుచేయదు. జపాన్‌లో పోలీసులకు చెప్పకపోతే ప్రమాద ధ్రువపత్రం రాదు, అది లేకపోతే ఇన్సూరెన్స్ రాదు. "పోలీసులు ఎందుకులే, మనం మనం చూసుకుందాం" అని అవతలివాళ్లే అన్నా ఒప్పుకోవద్దు. సాయంత్రానికి వాళ్లకు మెడ నొప్పి మొదలైతే, మీరు పారిపోయారన్న ఆరోపణకు మీ దగ్గర జవాబు ఉండదు.

ఆ తర్వాత ఫొటోలు తీయండి. రెండు బండ్లు, టైర్ల జారుడు గుర్తులు, సిగ్నళ్లు, రోడ్డు బోర్డులు, వెలుతురు ఎలా ఉందో తెలిసేలా చుట్టుపక్కల. సాక్షుల పేర్లు, నంబర్లు అడిగి రాసుకోండి. కారులో డ్యాష్‌క్యామ్ (రోడ్డును రికార్డు చేసే కెమెరా) ఉంటే వీడియోను వెంటనే దాచండి, చెరపవద్దు. గాయపడినవాళ్ల ముఖాలను మాత్రం తీయకండి, దేన్నీ సోషల్ మీడియాలో పెట్టకండి.

ఐదో అడుగు: ఏం మాట్లాడాలి, దేని మీద సంతకం పెట్టాలి

"సారీ చెప్పొద్దు, నోరు విప్పొద్దు" అని చాలామంది సలహా ఇస్తారు. ఆ సలహాను అలాగే పాటించడం నాకు సబబుగా అనిపించదు. రోడ్డు మీద నొప్పితో ఉన్న మనిషి ముందు రాయిలా నిలబడటం అమానుషం, పైగా సాక్షులు దాన్నే గుర్తుపెట్టుకుంటారు. "మీకు ఎలా ఉంది, అంబులెన్స్ వస్తోంది, ఇలా జరగడం నాకు చాలా బాధగా ఉంది" అనండి. ఇందులో తప్పు ఒప్పుకోవడం లేదు. ఇంగ్లాండ్‌లో, కెనడాలోని ఒంటారియోలో, కాలిఫోర్నియాలో ఇలాంటి సానుభూతి మాటల్ని సివిల్ కేసులో తప్పు ఒప్పుకున్నట్టు లెక్కించకుండా చట్టాలే ఉన్నాయి. "తప్పంతా నాదే, నేను చూసుకోలేదు, ఖర్చంతా నేనే పెట్టుకుంటాను" అనడం వేరు. అప్పటికి మీకు కూడా ఏం జరిగిందో పూర్తిగా తెలియదు. పైగా ఇన్సూరెన్స్ కంపెనీ అనుమతి లేకుండా బాధ్యత ఒప్పుకోకూడదని చాలా పాలసీల్లో షరతు ఉంటుంది.

పోలీసులకు మీ పేరు, పాస్‌పోర్ట్, లైసెన్స్, ఇన్సూరెన్స్ వివరాలు ఇవ్వండి. శ్వాస పరీక్షకు ఒప్పుకోండి, నిరాకరించడం చాలా చోట్ల విడి నేరం. ప్రమాదం ఎలా జరిగిందన్న వివరణ దగ్గరికి వచ్చేసరికి మాత్రం, ఎవరికైనా తీవ్ర గాయమైనా ప్రాణం పోయినా, లాయర్ వచ్చాక మాట్లాడతానని మర్యాదగా చెప్పండి. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలోని 14వ అధికరణం ఇందుకు ఆధారం. ఆరోపణ ఏమిటో మీకు అర్థమయ్యే భాషలో చెప్పాలనీ, కోర్టు భాష రాకపోతే ఉచితంగా దుబాసీని ఇవ్వాలనీ, మీకు మీరే వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని బలవంతం చేయకూడదనీ అందులో ఉంది. మాట్లాడకుండా ఉండటం హక్కు. అబద్ధం చెప్పడం హక్కు కాదు. ఈ రెండింటి మధ్య గీత దాటకండి.

చదవలేని భాషలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టకండి. ఫోన్‌లోని అనువాద యాప్ రోడ్డు అడగడానికి పనికొస్తుంది గానీ వాంగ్మూలానికి పనికిరాదు. సంతకం తప్పదని పట్టుబడితే, "ఇందులో ఏముందో నాకు చదివి వినిపించలేదు" అని మీ భాషలో రాసి దాని కింద పెట్టండి. యూరప్‌లో రెండు పక్షాలూ నింపే యాక్సిడెంట్ స్టేట్‌మెంట్ ఫారం ఒకటి ఉంటుంది. దాని అమరిక అన్ని భాషల్లోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి మీకు తెలిసిన భాషలోని కాపీని ముందే డౌన్‌లోడ్ చేసి కారులో పెట్టుకుంటే ఏ గడిలో ఏముందో పోల్చి చూసుకోవచ్చు.

ఆరో అడుగు: అదుపులోకి తీసుకుంటే

వెంటనే అడగాల్సినవి రెండు: అక్కడ ఉన్న మీ దేశపు కాన్సులేట్‌కు సమాచారం, లాయర్. 1963 నాటి కాన్సులర్ సంబంధాల వియన్నా ఒప్పందంలోని 36వ అధికరణం ప్రకారం, అరెస్టయిన విదేశీయుడు కోరితే అతని కాన్సులేట్‌కు ఆలస్యం లేకుండా తెలియజేయాలి, ఆ హక్కు ఉందని అతనికి పోలీసులే చెప్పాలి. వాళ్లు చెప్పకపోయినా మీరు అడగండి, ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ.

కాన్సులేట్ మీద పెట్టుకునే ఆశలు సరైనవి కావాలి. వాళ్లు వచ్చి మిమ్మల్ని కలుస్తారు, ఇంట్లోవాళ్లకు చెబుతారు, స్థానిక లాయర్ల జాబితా ఇస్తారు, మీతో సరిగా వ్యవహరిస్తున్నారో లేదో చూస్తారు. విడిపించలేరు, జరిమానా కట్టరు, కోర్టులో మీ తరఫున వాదించరు.

నిర్బంధం ఎంతకాలమన్నది దేశాన్ని బట్టి మారుతుంది. జపాన్‌లో అరెస్టు నుంచి అభియోగం మోపేదాకా 23 రోజుల వరకు అదుపులో ఉంచవచ్చు, అభియోగం మోపకముందు బెయిల్ ఉండదు. మెక్సికోలో గాయాలైన ప్రమాదంలో బాధ్యత తేలేదాకా డ్రైవర్‌ను నిర్బంధించవచ్చు. మంచి పాలసీల్లో అక్కడి లాయర్ ఖర్చు, బెయిల్ పూచీ కూడా కలిసి ఉంటాయి, కొనేటప్పుడు అది ఉందో లేదో అడగండి.

లాయర్ విషయంలో ఒక్క మాట. ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టే లాయర్ చూసేది ప్రధానంగా డబ్బు వ్యవహారం. క్రిమినల్ కేసుకు మీ సొంత లాయర్ కావాలి, ట్రాఫిక్ కేసులు తరచూ వాదించేవాళ్లు అయితే మరీ మంచిది.

ఏడో అడుగు: పాస్‌పోర్ట్, పూచీ, ఆగిపోయిన ప్రయాణం

అరెస్టు లేకపోయినా మీరు స్వేచ్ఛగా విమానం ఎక్కగలరని కాదు. కేసు తేలేదాకా దేశం విడిచి వెళ్లవద్దని కోర్టు ఆదేశించవచ్చు, పాస్‌పోర్ట్ తీసుకుని ఉంచవచ్చు. జర్మనీలో అక్కడ నివాసం లేని విదేశీయుల నుంచి, రాబోయే జరిమానాకు, ఖర్చులకు సరిపడా పూచీ సొమ్మును అక్కడికక్కడే కట్టించుకోవచ్చు. కడితే రసీదు తీసుకోండి. రసీదు ఇవ్వకుండా అడిగే డబ్బు లంచం, అది ఇవ్వడం ఇంకో నేరం.

ఈ ఆగిపోయిన కాలంలో వీసా గడువు దాటిపోకుండా చూసుకోవడం చాలామంది మరిచిపోతారు. కోర్టే ఆగమన్నా, ఆ సంగతి ఇమిగ్రేషన్ అధికారులకు దానంతట అది తెలియదు. కోర్టు ఆదేశం కాపీతో వీసా పొడిగింపుకు దరఖాస్తు పెట్టించమని లాయర్‌కు మొదటి వారంలోనే చెప్పండి. ఉద్యోగం చేసే చోట సెలవు, ఇంట్లో డబ్బు ఏర్పాటు కూడా అప్పుడే చూసుకోవాలి.

ఎనిమిదో అడుగు: బాధితులతో, పరిహారంతో

ఇక్కడ ఒక్కో దేశం ఒక్కో దారి. న్యూజిలాండ్‌లో 1974 నుంచి ఏసీసీ అనే ప్రభుత్వ పథకం తప్పెవరిదన్న ప్రశ్న లేకుండా గాయపడినవాళ్ల ఖర్చు భరిస్తుంది, అది పర్యాటకులకూ వర్తిస్తుంది. గాయాలకు పరిహారం కోరుతూ డ్రైవర్ మీద దావా వేసే వీలు దాదాపు లేదు. అలాగని తప్పించుకున్నట్టు కాదు. క్రిమినల్ కేసు మామూలుగానే నడుస్తుంది, ప్రమాదకర డ్రైవింగ్‌తో ప్రాణం పోతే పదేళ్ల దాకా శిక్ష ఉంది, కుటుంబానికి సొమ్ము చెల్లించమని ఆ క్రిమినల్ కోర్టే ఆదేశించవచ్చు. ఫ్రాన్స్‌లో 1985 నాటి బాదంతేర్ చట్టం పాదచారుల పక్షం వహిస్తుంది. వాళ్లది కొంత తప్పున్నా సాధారణంగా పూర్తి పరిహారం అందుతుంది. నెదర్లాండ్స్‌లో సైకిల్ మీద వెళ్లేవాళ్లను, నడిచేవాళ్లను కారు గుద్దితే బాధ్యత మొదట కారువాళ్లదే అనుకుంటారు. "వాడే అడ్డం వచ్చాడు" అన్న వాదన అక్కడ పెద్దగా నిలవదు.

గల్ఫ్ దేశాల్లో దియా ఉంది. పొరపాటున జరిగిన మరణానికి కుటుంబానికి చెల్లించే సొమ్ము ఇది. యూఏఈలో రెండు లక్షల దిర్హాములు. సరైన ఇన్సూరెన్స్ ఉంటే కంపెనీయే కడుతుంది. తాగి నడిపినా, లైసెన్స్ లేకున్నా ఆ సొమ్ము చివరికి డ్రైవర్ మెడకే చుట్టుకోవచ్చు. దియా కట్టినంత మాత్రాన ప్రభుత్వం వేసిన కేసు రద్దు కాదు, శిక్ష అంశం విడిగా ఉంటుంది.

థాయ్‌లాండ్‌లో, జపాన్‌లో బాధితుడితో రాజీ కుదరడం శిక్ష మీద గట్టి ప్రభావం చూపిస్తుంది. ఆ రాజీ లాయర్ ద్వారానే, రాతపూర్వకంగా జరగాలి. ఎంత చెల్లించారో, దేనికి చెల్లించారో, ఇక ముందు ఏ క్లెయిమైనా ఉంటుందో ఉండదో స్పష్టంగా ఉండాలి. పోలీస్ స్టేషన్ బల్ల దగ్గర కంగారుగా ఇచ్చిన నోట్ల కట్టకు ఈ రక్షణ ఏదీ ఉండదు.

బాధితుల కుటుంబాన్ని కలవాలనిపించడం సహజం. నేరుగా ఆసుపత్రికి వెళ్లకండి, సాక్షుల మీద ఒత్తిడి తెచ్చారన్న ఆరోపణ రావచ్చు. ముందు లాయర్ ద్వారా అడిగించండి. వాళ్లు వద్దంటే ఒక ఉత్తరం రాసి అదే దారిలో పంపండి. వాళ్లు చదువుతారో లేదో వాళ్ల ఇష్టం. శిక్ష తగ్గడానికి రాసే ఉత్తరం చదివేవాళ్లకు తెలిసిపోతుంది. రాస్తే మనసులో ఉన్నదే రాయండి.

తొమ్మిదో అడుగు: కోర్టు

తక్కువ తీవ్రత కేసుల్లో చాలా దేశాలు రాతపూర్వక ఉత్తర్వుతో జరిమానా వేసి ముగిస్తాయి. దాని మీద అభ్యంతరం చెప్పడానికి గడువు చాలా తక్కువ, జర్మనీలో రెండు వారాలే. కాబట్టి ఉత్తరాలు అందుకోవడానికి లాయర్ చిరునామా ఇవ్వడం మేలు.

విచారణ జరిగితే మీ పాత డ్రైవింగ్ రికార్డు, సంఘటన స్థలంలో మీరు చేసిన సాయం, పరిహారం చెల్లింపు, మీ ఉద్యోగ, కుటుంబ పరిస్థితుల పత్రాలు శిక్షను ప్రభావితం చేస్తాయి. వాటిని ఇంటి నుంచి ముందే తెప్పించి అధికారిక అనువాదం చేయించండి. ఆ దేశంలో నడపకుండా నిషేధం దాదాపు ఖాయమనే అనుకోండి.

పదో అడుగు: ఇంటికి చేరాక

విమానం ఎక్కేస్తే అయిపోయిందన్నది భ్రమ. 2019 ఆగస్టులో ఇంగ్లాండ్‌లోని నార్తాంప్టన్‌షైర్‌లో, అమెరికా సిబ్బంది పనిచేసే స్థావరం బయట, రోడ్డుకు తప్పు పక్కన వచ్చిన కారు 19 ఏళ్ల బైకర్ ప్రాణం తీసింది. నడిపిన అమెరికన్ మహిళ దౌత్య రక్షణ పేరుతో దేశం దాటింది. 2020 జనవరిలో ఆమెను అప్పగించడానికి అమెరికా నిరాకరించింది. అయినా వ్యవహారం ఆగలేదు. కుర్రాడి కుటుంబం ఆమె ఉంటున్న వర్జీనియాలోనే సివిల్ దావా వేసింది, 2021లో అది రాజీతో ముగిసింది. 2022లో ఆమె వీడియో ద్వారా లండన్ కోర్టు ముందు నేరం ఒప్పుకుంది. అమలు నిలిపివేసిన ఎనిమిది నెలల జైలు శిక్ష, ఏడాది డ్రైవింగ్ నిషేధం పడ్డాయి. దౌత్య రక్షణ వాదన చేయగలిగిన మనిషి విషయంలోనే ఇంత నడిచింది. టూరిస్టుకు ఆ వాదన కూడా ఉండదు. నేరస్థుల అప్పగింత ఒప్పందాలు సాధారణంగా రెండు దేశాల్లోనూ నేరమై, కనీసం ఏడాది శిక్షకు వీలున్న కేసులకు వర్తిస్తాయి, ప్రాణం పోయిన ప్రమాదాలు చాలా దేశాల్లో ఆ గీత దాటుతాయి. తమ పౌరులను అప్పగించని దేశాలూ ఉన్నాయి, అక్కడ కేసు సొంత దేశంలోనే నడవవచ్చు.

చేయాల్సినవి కొన్నే. ఆ దేశం నుంచి వచ్చే ప్రతి ఉత్తరాన్నీ తెరవండి, గడువులోగా లాయర్ చేత జవాబు ఇప్పించండి. జరిమానా, కోర్టు ఖర్చులు కట్టేసి రసీదులు, తీర్పు ప్రతి, అనువాదం దాచుకోండి. ఇన్సూరెన్స్ కంపెనీకి ప్రతి మలుపూ రాతపూర్వకంగా తెలపండి.

వీసా దరఖాస్తులు నింపేటప్పుడు అరెస్టుల గురించి, శిక్షల గురించి అడిగిన చోట నిజమే రాయండి. అమెరికా దరఖాస్తు క్షమాభిక్ష పొందిన వాటితో సహా అడుగుతుంది, బ్రిటన్ డ్రైవింగ్ నేరాలకు పడిన జరిమానాలనూ అడుగుతుంది. కెనడాలో 2018 డిసెంబర్ నుంచి తాగి నడపడం పదేళ్ల దాకా శిక్ష పడే తీవ్ర నేరం, వేరే దేశంలో అదే నేరానికి శిక్ష పడినవాళ్లకూ ప్రవేశం నిరాకరించవచ్చు. దాచిపెట్టారని తేలితే ఆ తప్పుడు సమాధానమే నిషేధానికి కారణమవుతుంది. కాబట్టి దరఖాస్తుతో పాటు తీర్పు ప్రతి, జరిమానా కట్టిన రసీదు, శిక్ష పూర్తయినట్టు పత్రం జతచేయండి.